మాట ఆగకుండా పరుగు: కాలవగట్టు మీద నెమ్మదిగా పరిగెత్తడం ఎలాగంటే

ముందు ఒక పరీక్ష చెప్తానండి, ఇదొక్కటి పట్టుబడితే మిగతాదంతా దాని వెనకాలే వచ్చేస్తుంది. పరిగెడుతూ పక్కనున్న మనిషితో "నిన్న రాత్రి మా ఇంట్లో వంకాయలో ఎండురొయ్యలు వేసి వండారు, భలే కుదిరింది" అని ఒక్క ఊపిరిలో చెప్పి చూడండి. కుదిరింది అనే మాట దాకా ఆయాసం లేకుండా వచ్చారంటే మీ స్పీడు కరెక్టు. ఎండురొయ్యల దగ్గరే ఊపిరి తెగిపోయిందంటే ఫాస్టుగా వెళ్ళిపోతున్నారు, తగ్గించండి. ఇంకా తెగుతోందా, ఇంకా తగ్గించండి. వాకింగ్ చేసేవాళ్ళు మిమ్మల్ని దాటి వెళ్ళిపోయేంత తగ్గినా పర్లేదు, మీ కాళ్ళు పరుగు వేస్తున్నాయా లేదా అన్నదే లెక్క.

నేను మూడుసార్లు మొదలెట్టి మూడుసార్లూ మానేశాను. ప్రతిసారీ ఒకేలా జరిగింది. సంక్రాంతి అయిపోయాక కొత్త షూ కొనుక్కుని, తెల్లారుజామున గట్టెక్కి, కాలేజీ రోజుల్లో పరిగెత్తిన స్పీడే ఇప్పుడూ ఉంటుందనుకుని అదే ఊపులో పోవడం, అర కిలోమీటరుకే గుండె గొంతులోకి రావడం, పదో రోజుకి మోకాలి కింద ముందెముక పట్టేసి మెట్లు దిగలేకపోవడం, షూ అటక మీదకి పోవడం. నాలుగోసారి మా బాబాయ్ తోడొచ్చాడు. ఆయనకి అప్పటికే అరవై దాటాయి, షుగర్ ఉంది, డాక్టరు గారు నడవమన్నారు. "నేనూ వస్తాను గానీ నాతో మాట్లాడతా రావాలిరా, ఒక్కణ్ణీ అంటే నాకు తోచదు" అన్నాడు. ఆయనతో మాట్లాడాలంటే ఆయన స్పీడులోనే వెళ్ళాలి కదా, అలా కబుర్లు చెప్పుకుంటూ చిన్న చిన్న అడుగులేసుకుంటూ లాకుల దాకా వెళ్ళి వెనక్కొచ్చేశాం. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాక గానీ నాకు తట్టలేదు, దార్లో ఎక్కడా ఆగలేదని. మూడు కిలోమీటర్లు. అంత దూరం ఆగకుండా పరిగెత్తడం నాకు పెద్దయ్యాక అదే మొదటిసారి, పైగా మర్నాడు మళ్ళీ వెళ్ళాలనిపించింది. అందుకే చెప్తున్నాను, నెమ్మదిగా పరిగెత్తడమంటే చేతకాని పరుగు కాదు, అదే అసలు పరుగు, స్పీడు అనేది తర్వాత కావాలనుకున్నవాళ్ళు కలుపుకునేది.

ఇది నా సొంత సిద్ధాంతం కూడా కాదండి. జపాన్లో ఫుకుఓకా యూనివర్సిటీలో హిరోఅకి తనాకా అని ఒక ప్రొఫెసర్ గారు ఉండేవారు, ఆయన ఏళ్ళ తరబడి దీనిమీదే పనిచేసి స్లో జాగింగ్ అని జనానికి నేర్పించారు. ఆయన చెప్పిన స్పీడుకి పేరు నికో నికో. జపాను భాషలో నికో నికో అంటే మొహం నిండా నవ్వడం. అంటే నవ్వుతూ పరిగెత్తగలిగే స్పీడన్నమాట. కొత్తవాళ్ళకైతే గంటకి నాలుగైదు కిలోమీటర్లు చాలన్నారు, అంటే మామూలు నడక స్పీడే. నడక స్పీడులో పరిగెడితే ఏం లాభం అనుకుంటారేమో, అదే స్పీడులో నడిచినదానికంటే పరుగుకి ఒంట్లో శక్తి ఎక్కువ ఖర్చవుద్ది, ఎందుకంటే ప్రతి అడుగుకీ ఒంటిని కొంచెం పైకెత్తుతున్నాం కదా. ఇక పెద్ద పెద్ద రన్నర్ల సంగతి చూస్తే, స్టీఫెన్ సైలర్ అని నార్వేలో పనిచేసే సైంటిస్టు వాళ్ళ ట్రైనింగ్ అంతా పరిశీలించి, నూటికి ఎనభై సెషన్లు దాకా తేలిక స్పీడులోనే ఉంటున్నాయని చూపించాడు. ఒలింపిక్స్ కి వెళ్ళేవాళ్ళే ఎక్కువ రోజులు తేలిగ్గా పరిగెడుతుంటే, ఆఫీసుకెళ్ళి పిల్లల్ని స్కూల్లో దింపే మనం రోజూ ఒగరుస్తూ పరిగెత్తడం ఎందుకండీ.

ఒంట్లో ఏం జరుగుద్దో కొంచెం చెప్తాను, ఇది తెలిస్తే ఓపిక వస్తుంది. తేలిక స్పీడులో ఉన్నప్పుడు కండలకి కావలసిన గాలి సరిపడా అందుద్ది, ఒంట్లో ఉన్న కొవ్వే ఎక్కువ భాగం ఇంధనంగా కాలుద్ది. ఇలా వారాల తరబడి చేస్తే కండల్లో సన్న రక్తనాళాలు పెరుగుతాయి, కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి, గుండె ఒక్కో కొట్టుకి ఎక్కువ రక్తం తోస్తుంది. మన వరిచేలకి నీళ్ళెలా వెళ్తాయో అలాగే అనుకోండి, పెద్ద కాలవ ఎంత నిండా ఉన్నా చివరి చేను దాకా బోదెలు తవ్వి ఉండకపోతే నీరెక్కదు, తేలిక పరుగు ఆ బోదెలు తవ్వే పని. ఇంకో ముఖ్యమైన సంగతి. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే అలవాటు పడిపోతాయి గానీ ఎముకలు, కండల్ని ఎముకలకి తాళ్ళలా కట్టి ఉంచే ఆ కండర బంధనాలు ఉంటాయే, వాటికి నెలలు పడుద్ది. నాలుగో వారానికి ఊపిరి బాగానే ఉంది కదా అని స్పీడు పెంచేస్తాం, అప్పుడే మడమా, ముందెముకా పట్టేస్తాయి. నేను మూడుసార్లు మానేసింది ఈ లెక్క తెలియకే.

సరే, అడుగెలా వేయాలంటే. పిల్ల కాలవ మీద అడ్డంగా వేసిన తాటిదుంగ మీంచి దాటడం గుర్తుందా, ఒళ్ళు నిటారుగా, చూపు ముందుకి, అడుగు చిన్నగా, పాదం సరిగ్గా నడుం కిందే పడేలా. పరుగులోనూ అంతే. నెమ్మదిగా అనగానే చాలామంది అడుగు పెద్దదేసి కాలు గాల్లో ఎక్కువసేపు ఉంచుతారు, దాంతో మడమ దబ్బున పడి మోకాలికి దెబ్బ తగులుద్ది. అడుగు చిన్నది, కానీ గబగబా. తనాకా గారు నిమిషానికి 180 అడుగులు అన్నారు, అంటే కుడికాలు ఒక్కటే లెక్కపెట్టుకుంటే పదిహేను సెకన్లకి ఇరవై రెండు ఇరవై మూడు. మొదట్లో 160, 170 వచ్చినా ఏం కాదు, అదే కుదురుతుంది. పాదం ముందు భాగం, అంటే బొటనవేలి వెనకాల మెత్తగా ఉండే చోటు, అక్కడ మెల్లిగా ఆనించి మడమ తర్వాత తగలనివ్వమన్నారు ఆయన. ఇది కొత్తవాళ్ళకి పిక్కలు పట్టేస్తాయి కాబట్టి బలవంతంగా చెయ్యకండి, చప్పుడు రాకుండా దిగండి చాలు. మీ అడుగు చప్పుడు మీకు దబదబా వినిపిస్తోందంటే అడుగు ఇంకా చిన్నది చేయండి. భుజాలు వదిలెయ్యండి, గుప్పిట బిగించకండి, చేతిలో కోడిగుడ్డు ఉంది అది చితక్కూడదు అన్నట్టు పట్టుకోండి. ముక్కుతోనే పీల్చాలా నోటితోనా అని చాలామంది అడుగుతారు, రెండూ వాడుకోండి, ఏదీ రూలు కాదు.

ఇక మొదటి రోజు. ఎంత పరుగు, ఎంత నడక అన్నదానికి వాచీ అక్కర్లేదు, కరెంటు స్తంభాలు చాలు. ఐదు నిమిషాలు మామూలుగా నడవండి, తర్వాత ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా చిన్న పరుగు, ఆ తర్వాత స్తంభం దాకా నడక, మళ్ళీ పరుగు. ఇరవై నిమిషాలు అవ్వగానే ఇంటికొచ్చెయ్యండి. ఇంకా ఓపిక ఉంది కదా అని ఇంకో రెండు స్తంభాలు కలపకండి, ఓపిక మిగుల్చుకుని రావడమే మొదటి నెలంతా మీరు నేర్చుకోవాల్సింది. వారానికి నాలుగు రోజులు, మధ్యమధ్యలో ఒక రోజు ఖాళీ. మూడో వారానికి రెండు స్తంభాలు పరుగు ఒకటి నడక, ఐదారో వారానికి నాలుగైదు పరుగు ఒకటి నడక, అలా పెంచుకుంటూ పోతే చాలామంది రెండు రెండున్నర నెలలకి ఇరవై ముప్పై నిమిషాలు ఆగకుండా పరిగెత్తగలుగుతారు. అప్పటికి కుదరకపోతే ఇంకో నెల తీసుకోండి. ఒకవేళ ఎప్పటికీ మధ్యలో నడుస్తూనే ఉన్నా అదీ పరుగే, మా బాబాయ్ ఇప్పటికీ ప్రతి వంతెన దగ్గరా వంద అడుగులు నడుస్తాడు, అలాగే గంట సేపు వెళ్తాడు. ఆ తర్వాత పెంచేటప్పుడు వారం మొత్తానికి ఒక పది నిమిషాలకి మించి కలపకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాలు, మరీ తేలికా మరీ కష్టమూ కాని మధ్యరకం కసరత్తు, అంటే రోజుకి అరగంట చొప్పున ఐదు రోజులు చేస్తే అక్కడికి చేరిపోయినట్టే.

ఎక్కడ పరిగెత్తాలన్నదాంట్లో మన గోదావరి డెల్టా వాళ్ళంత అదృష్టవంతులు లేరు. 1847లో మొదలెట్టి 1852కి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాక ఈ కాలవలన్నీ వచ్చాయి, అవి నీళ్ళకే కాదు పడవలకి కూడా, ఆ లాకులు పెట్టింది పడవలు ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కడానికీ దిగడానికే. సరుకు పడవలకి తాడు కట్టి మనుషులు గట్టు మీద నడుస్తూ లాక్కెళ్ళేవాళ్ళు, అంటే మన కాలవగట్టు మొదట్నుంచీ మనిషి కాలి వేగానికి సరిపోయిన బాట. మట్టి గట్టు సిమెంటు రోడ్డు కంటే మెత్తగా ఉంటుంది, ఒక పక్క నీళ్ళు, ఒక పక్క కొబ్బరితోట, నీడ. వీలైతే అదే ఎంచుకోండి. తర్వాత చేల మధ్య పుంతలు, ఇవి ఇంకా బాగుంటాయి గానీ ట్రాక్టరు చాళ్ళు పడి ఎగుడుదిగుడుగా ఉంటే చీలమండ మెలిపడుద్ది చూసుకోండి. ఊళ్ళో సీసీ రోడ్లు గట్టివి, వాటిమీద తప్పకపోతే అడుగు ఇంకా చిన్నగా. మెయిన్ రోడ్డు మీదకి వెళ్ళాల్సొస్తే కుడి పక్కన, అంటే ఎదురుగా వచ్చే బండి మీకు కనపడేలా పరిగెత్తండి, తెల్లారుజామున చేపల లారీలు, రొయ్యల వ్యానులు ఎంత స్పీడుగా పోతాయో భీమవరం, పాలకొల్లు వైపు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. లేత రంగు చొక్కా వేసుకోండి, చిన్న టార్చి చేతిలో ఉండాలి, చెవిలో పాటలు పెట్టుకుని మాత్రం రోడ్డెక్కొద్దు. సార్వా కోతలప్పుడూ దాళ్వా కోతలప్పుడూ రోడ్డు పక్కన ధాన్యం ఆరబోసి ఉంటుంది, దాన్ని తొక్కకండి, చుట్టూ తిరిగెళ్ళండి, అది ఒకరి ఆరునెలల కష్టం.

చదును నేలకి ఒక ఇబ్బంది ఉంది, అది బయటివాళ్ళకి తెలీదు. కొండ ఊళ్ళలో ఎత్తు రాగానే మనిషి తనంతట తనే నెమ్మదిస్తాడు, మనకి ఎత్తంటే వంతెనే, అది తప్ప ఆపేది ఏమీ లేదు, అందుకే తెలియకుండానే స్పీడు ఎక్కిపోద్ది. పైగా గాలి వెనకనుంచి తోస్తుంటే ఇంకా. అందుకని నేనేం చేస్తానంటే పోయేటప్పుడు గాలికి ఎదురుగా పోతాను, వచ్చేటప్పుడు అది తోడుంటుంది. ఒక్కణ్ణే ఉన్నప్పుడు ఐదేసి నిమిషాలకోసారి ఆ వంకాయ ఎండురొయ్యల మాట బయటికే అని చూసుకుంటాను, పొలానికెళ్ళే వాళ్ళు నవ్వినా సరే.

ఉక్క గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే పుస్తకాల్లో ఉండే స్పీడు లెక్కలు చల్లటి దేశాల వాళ్ళు రాసినవి. చెమట పట్టడం వల్ల ఒళ్ళు చల్లబడదు, ఆ చెమట ఆరితేనే చల్లబడుద్ది. మన దగ్గర గాల్లో తేమ అంత ఉంటే అది ఆరదు, కారుద్ది అంతే. అప్పుడు ఒంటిని చల్లార్చడానికి గుండె రక్తాన్ని చర్మం వైపు కూడా తోయాలి, కాళ్ళకీ తోయాలి, దాంతో అదే స్పీడుకి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. కాబట్టి మే నెలలో మీ స్పీడు జనవరికంటే తగ్గితే మీరు వెనకబడ్డట్టు కాదు, అది సరైన స్పీడే. రోహిణి కార్తెలో అయితే సూర్యుడు రాకముందే ముగించెయ్యాలి, లేదా ఆ పదిహేను రోజులు నడకతో సరిపెట్టుకోవాలి. పరుగులో తల తిరిగినా, ఎండలో చలేసినట్టు రోమాలు లేచినా, వాంతొచ్చేలా ఉన్నా అక్కడికక్కడే ఆపి నీడకి పోయి ఒంటి మీద నీళ్ళు పోసుకోండి, తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్ళాలి, ఇందులో మొహమాటం వద్దు. ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన కాలం ధనుర్మాసం. మంచు చేల మీద పరుచుకుని ఉంటుంది, గుళ్ళో మైకులో తిరుప్పావై వినిపిస్తుంది, ఇళ్ళ ముందు ముగ్గులేసేవాళ్ళు లేచి ఉంటారు, దార్లో ఏ కొబ్బరాకు మీంచో మంచు చుక్క మెడ మీద పడుద్ది. ఆ నెలలో మొదలెట్టినవాళ్ళు మానరు. కానీ మంచు దట్టంగా ఉన్నరోజు రోడ్డెక్కకండి, గట్టు మీదే ఉండండి, చేలో గడ్డి తగలబెట్టిన పొగ కలిసి ఉంటే ఆరోజు అసలు మానెయ్యండి.

వర్షాకాలం గట్టు జిగురు మట్టి అయిపోద్ది, షూకి అడుగడుక్కీ అరకిలో అంటుకుంటుంది, జారితే కాలవలోకే. అప్పుడు ఊరి రోడ్డో స్కూలు గ్రౌండో చూసుకోండి. గోదావరికి వరదొచ్చిందంటే మాత్రం ఏటిగట్టు వైపు పరుగుకి వెళ్ళొద్దండి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చి గట్లు తెగిన సంగతి ఇక్కడ పెద్దవాళ్ళందరికీ గుర్తే. వరదప్పుడు గట్టు మీద ఇసకబస్తాలు మోసేవాళ్ళకీ కాపలా ఉండేవాళ్ళకీ దారివ్వాలి.

తిండీ నీళ్ళూ. అరగంట పరుగుకి ముందేమీ తినక్కర్లేదు, ఒక గ్లాసు నీళ్ళు తాగి వెళ్ళండి. గంట దాకా వెళ్ళేరోజు ఒక అరటిపండు. వచ్చాక కొబ్బరిబొండం, అది మనకి చవగ్గా దొరికే వరం, అయితే కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ సోడియం తక్కువ, చెమటలో పోయేది ఎక్కువగా సోడియం, అందుకని ఉప్పేసిన మజ్జిగ కూడా తాగండి, బీపీ ఉన్నవాళ్ళు ఆ ఉప్పు సంగతి డాక్టరుని అడిగి. చద్దన్నంలో పెరుగేసుకుని ఉల్లిపాయ నంజుకుంటే పరుగు తర్వాత దానికి మించిన టిఫిన్ నాకు తెలీదు. షూ గురించి పెద్దగా చెప్పను, సాయంత్రం పూట కొనండి ఎందుకంటే అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, బొటనవేలి ముందు ఒక వేలు వెడల్పు ఖాళీ ఉండాలి, కాటన్ సాక్సు తడిస్తే బొబ్బలొస్తాయి కాబట్టి సింథటిక్ వి తీసుకోండి, ఖరీదు చూసి మోసపోకండి. రాపిడి ఉన్నచోట ఇంట్లో కొబ్బరినూనె రాస్తే చాలు.

షుగరూ బీపీ ఉన్నవాళ్ళు, నలభై దాటి చాలా ఏళ్ళుగా ఏ కసరత్తూ చెయ్యనివాళ్ళు, ముందు ఒకసారి డాక్టరుకి చూపించుకుని మొదలెట్టండి. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళకి పరుగులో షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది, జేబులో గ్లూకోజు పొడో పంచదారో ఉండాలి, వచ్చాక పాదాలు రోజూ చూసుకోవాలి, బాబాయ్ కి ఓసారి షూలో ఇసకరాయి ఉండి బొబ్బెక్కినా నొప్పి తెలీలేదు, అప్పట్నుంచి ఇంటికొచ్చాక పిన్నే కూర్చోబెట్టి చూస్తుంది. గుండె కొట్టుకునే లెక్క చూపించే వాచీలున్నాయి కదా, 220లోంచి వయసు తీసేసి అందులో నూటికి అరవై డెబ్భై మధ్య ఉండాలంటారు, నలభై ఏళ్ళవాళ్ళకి 108 నుంచి 126. ఇది ఉజ్జాయింపే, ఒక్కొక్కరికి చాలా తేడా ఉంటుంది, బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ వాడేవాళ్ళకైతే ఆ మాత్రే గుండె వేగాన్ని తగ్గిస్తుంది గనక ఈ లెక్క అసలు పనిచెయ్యదు. వాచీ ఒకమాట చెప్పి మీ ఊపిరి ఇంకోమాట చెప్తే ఊపిరి మాటే వినండి. ఛాతీలో బరువుగా ఉన్నా, నొప్పి ఎడమచేతికో దవడకో పాకినా ఆగిపోయి వెంటనే ఆస్పత్రికి.

కుక్కలు. మన ఊళ్ళలో పరుగు మానేసేవాళ్ళలో సగంమంది కుక్కల భయంతోనే మానేస్తారని నాకనిపిస్తుంది. కుక్క మొరుగుతూ వస్తే పరిగెత్తకండి, నడకలోకి దిగి, దాని కళ్ళలోకి చూడకుండా, వీపు తిప్పకుండా మెల్లిగా పక్కకి జరగండి. నెమ్మది పరుగులో ఉన్న సుఖం ఏంటంటే ఉన్నట్టుండి నడకలోకి దిగడం తేలిక. రోజూ ఒకే దారిలో ఒకే టైముకి వెళ్తే నెలకి అవే అలవాటు పడతాయి, మా వీధి చివర ఎర్రకుక్క ఇప్పుడు వంతెన దాకా నాతో వస్తుంది. కరిస్తే మాత్రం సబ్బుతో ధారగా నీళ్ళు పోస్తూ పదిహేను నిమిషాలు కడిగి అదేరోజు ఆస్పత్రికెళ్ళి ఇంజెక్షను వేయించుకోవాలి, పసుపూ కారం పెట్టి ఊరుకోవద్దు. చీకట్లో గట్టు మీద పాములుంటాయి, టార్చి లేకుండా గడ్డిలో అడుగేయకండి.

ఇక అందరికంటే కష్టమైనది, ఊళ్ళోవాళ్ళ చూపు. "ఏవండీ పరిగెడతన్నారా నడుత్తన్నారా" అని అడుగుతారు. రెండూనండీ అని నవ్వి వెళ్ళిపోండి. ఆడవాళ్ళకి ఇది ఇంకా ఎక్కువ, దానికి నాకు తెలిసిన మంచి దారి ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళడం. మా ఊళ్ళో డ్వాక్రా గ్రూపులో ఉన్న నలుగురు పంజాబీ డ్రెస్సులేసుకుని తెల్లారుజామున స్కూలు గ్రౌండు చుట్టూ మొదలెట్టారు, కబుర్లకనే మొదలెట్టారు, ఇప్పుడు నలభై నిమిషాలు ఆగకుండా తిరుగుతున్నారు. కబుర్లు వాళ్ళ స్పీడుని పట్టి ఉంచాయి, వాళ్ళకి నేను చెప్పిన పరీక్షతో పనే పడలేదు. ఇలా నాలుగైదు నెలలు రోజూ కనపడితే అడిగేవాళ్ళు అడగడం మానేసి టైము చూసుకోవడం మొదలెడతారు, మా టీ కొట్టాయన నేను కనపడగానే పాలు పొయ్యి మీద పెడతాడు.

నొప్పుల్లో రెండు రకాలు గుర్తుపట్టండి. కండలన్నీ బరువుగా రెండురోజులు ఉండేది మామూలే. ఒక్కచోట, వేలితో నొక్కితే అక్కడే గుచ్చినట్టుండి, నడిచినా తగ్గకుండా రోజురోజుకీ పెరిగేది మామూలు కాదు, పరుగు ఆపి ఎముకల డాక్టరు దగ్గరకెళ్ళండి. పరుగు మధ్యలో డొక్కలో పోటొస్తే నడిచి, గట్టిగా ఊపిరి వదులుతూ ఉండండి, పోద్ది. జ్వరం ఉన్నప్పుడు వెళ్ళకండి. వారం పది రోజులు మానేస్తే మళ్ళీ మొదట్నుంచి కాదు గానీ మానేసినప్పటికంటే రెండు మెట్లు కిందనుంచి ఎత్తుకోండి.

ఆదివారం ఒక్కరోజు మాత్రం కొంచెం దూరం పెట్టుకోండి, దూరం అంటే కిలోమీటర్లు కాదు, ఒక చోటు. ఒకవారం లాకులు, ఒకవారం గోదారి రేవు, ఇంకోవారం బైకు మీద వెళ్ళి అంతర్వేది దగ్గరో ఓడలరేవు దగ్గరో సముద్రం ఒడ్డున తడి ఇసక మీద. పి.గన్నవరం దగ్గర ఆక్విడెక్టు, అంటే ఏటి మీదుగా కాలవని దాటించే వంతెన, దాని మీదనుంచి కింద గోదారి పాయ వైనతేయ, పైన కాలవ, రెండు నీళ్ళూ ఒకదాని మీద ఒకటి పోవడం కారులో ఎన్నిసార్లు దాటినా నాకు సరిగ్గా కనపడలేదు, పరిగెత్తి వెళ్ళినరోజు ఆగి చూశాను. నెమ్మదిగా వెళ్తే ఇలాంటివి కళ్ళపడతాయి. కాలవ కట్టేసిన వేసవిలో అడుగున బురదలో పిల్లలు చేపలు పడుతుండడం, జూన్లో నీళ్ళు వదిలినరోజు ఆ మొదటి నీరు గుర్రపుడెక్కని తోసుకుంటూ వస్తుంటే దాని పక్కనే పరిగెత్తడం. ఆరోజు ఆ నీటితో పాటే వెళ్ళగలిగాను, స్పీడు సరిగ్గా సరిపోయింది.

ఇంట్లోవాళ్ళని తీసుకెళ్ళాలనుకుంటే ఒక్క జాగ్రత్త, మీరు ముందుండకండి. పక్కనో అరడుగు వెనకో ఉండి వాళ్ళ స్పీడుకి మీరు తగ్గండి, మాట వాళ్ళ చేత ఎక్కువ చెప్పించండి, వాళ్ళ మాట తెగితే మీరే "కొంచెం నడుద్దామా" అనండి, వాళ్ళు అడిగేదాకా చూడకండి. అమ్మ రోడ్డు మీదకి రాదు, సిగ్గు. అందుకని దొడ్లో కొబ్బరిచెట్ల మధ్య పడిన ఆకులూ డొక్కలూ తీసేసి చుట్టూ ఒక బాట చేశాను, నాలుగు చుట్లు నడక ఒక చుట్టు పరుగుతో మొదలెట్టింది, ఇప్పుడు పొయ్యి మీద పప్పు పెట్టి కుక్కరు మూడు కూతలు వచ్చేదాకా పరిగెడుతుంది, మధ్యలో గోడవతల పిన్నిగారితో మాట్లాడుతూనే.